డబ్బిచ్చి కొన్నవాడికే తాళం!

దొంగలకు భయపడి ఇంటికి తాళం వేసుకొంటాం. అది లోకమర్యాద. కాని ఇల్లు మనకు అమ్మినవాడే తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకొని పోతే? పైగా దొంగ దొడ్డిగోడ దూకి లోపలికి పోయి హాయిగా కాళ్ళు చాపుకొని కూర్చుంటే? డబ్బిచ్చి కొన్న మనం వీధి అరుగుమీద కూర్చుని తలుపు వంక చూస్తూ ఉంటే? ఇది కట్టుకథ కాదు. కంప్యూటరు ఆటలు కొనుక్కొన్న కుటుంబాలకు నలభై ఏళ్ళుగా జరుగుతున్న ముచ్చటే. మా ఇంట్లోనూ జరిగింది.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి భార్యాబిడ్డలతో హైదరాబాదునుంచి గుణదల వచ్చాడు. కనుమనాడు భోజనాలయిన తరువాత మేడమీది గదిలో పాత బీరువా సర్దుతూ ఒక అట్టపెట్టె బయటికి తీశాడు. ఆ గది కిటికీలోనుంచి చూస్తే మేరీమాత కొండా, కొండమీది సిలువా కనబడతాయి. వాడు చిన్నప్పుడు చదువుకొన్నదీ, చదువు ఎగగొట్టి ఆడుకొన్నదీ ఆ కిటికీ పక్కనే.

పెట్టెలో ఒక సీడీ ఉన్నది. 2005లో వాడు పదవతరగతి మంచిమార్కులతో ప్యాసయినందుకు నేను కొనిపెట్టిన కారు పందేల ఆట అది. ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను. ఆ రోజుల్లో అందరిదీ ఒకటే వరస.

“నాన్నా, ఇది గుర్తుందా?” అన్నాడు.

గుర్తులేకేం! ఏడువందల రూపాయలు. నా జీతానికి అది చిన్న మొత్తం కాదు. అదే ఆట అప్పట్లో బెజవాడలో యాభైరూపాయలకు దొరికేది. పల్చటి ప్లాస్టిక్ కవరులో, మీద నల్లసిరాతో పేరు రాసిన డిస్కు. “స్నేహితులంతా అవే కొంటున్నారు నాన్నా, నాకూ అదే చాలు” అన్నాడు వాడు. నేను ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. పుస్తకం రాసినవాడి కష్టమూ, దాన్ని దొంగచాటుగా అచ్చువేసుకొనేవాడి లాభమూ రెండూ కళ్ళారా చూసినవాణ్ణి. “ఒకడి కష్టం ఊరికే తినకూడదురా” అని చిన్న ఉపన్యాసం ఇచ్చి, గవర్నరుపేటలో ఒక దుకాణానికి తీసుకువెళ్ళి అసలు ప్రతి కొనిపెట్టాను. బిల్లుకూడా పెట్టెలోనే దాచాను.

ఆట కంప్యూటరులోకి ఎక్కిన తరువాతకూడా, ఆడిన ప్రతిసారీ డిస్కు లోపల పెట్టి చూపించాలి. పెట్టగా తీయగా రెండు నెలలకే గీతలు పడ్డాయి. అసలు డిస్కునే పెట్టినా, “అసలు డిస్కు పెట్టండి” అని తెరమీద పడేది. పంచె కొంగుతో తుడిచి, నోటితో ఊది, నాలుగుసార్లు పెడితే ఒకసారి పలికేది. దుకాణదారును అడిగితే “మా చేతిలో ఏమీ లేదండీ, కంపెనీకి రాయండి” అన్నాడు. రాశాను. జవాబు రాలేదు.

పక్కింటి కుర్రవాడు యాభైరూపాయల డిస్కు కొన్నాడు. అతని ఆట ఏ డిస్కునూ అడగదు. మా అవస్థ చూడలేక ఒకనాడు వచ్చి, “అంకుల్, నా డిస్కు ఇవ్వనా? అది ఏమీ అడగదు” అన్నాడు. మా అబ్బాయి ఏమీ మాట్లాడకుండా నా ముఖంలోకి చూశాడు. నేను తల తిప్పుకొన్నాను. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

తాళాలు ఎన్ని రకాలు?

ఇంతకూ ఈ తాళం ఎలా వేస్తారు? మొదట్లో అది పిల్లల పొడుపుకథలాగా ఉండేది. మన ఊళ్ళలో కంప్యూటరు శిక్షణాలయాలు వెలసిన కాలంలో చదువుకొన్నవారికి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అనే ఆట గుర్తుండే ఉంటుంది. జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్ యువకుడు 1989లో తయారుచేశాడు. అందులో ఒకచోట రాకుమారుడి ముందు వరుసగా సీసాలు, ఒక్కొక్క సీసాకు ఒక్కొక్క అక్షరం ఉంటాయి. ఆటతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా పంక్తి, ఫలానా మాట మొదటి అక్షరమేదో చూసి ఆ సీసా తాగాలి. పుస్తకం లేనివాడు అక్కడే ఆగిపోవాలి. ఇది తెలిసిన మరుక్షణం విద్యార్థులు ఏం చేస్తారు? పుస్తకాన్ని జిరాక్సు తీయిస్తారు!

1990లో వచ్చిన ‘మంకీ ఐలండ్’ ఆటకు రెండు అట్టచక్రాలు ఇచ్చారు. ఒకదానిమీద ఒకటి తిప్పి, తెరమీద కనిపించిన ఓడదొంగ ముఖం సరిగా అమర్చి, బయటపడిన సంవత్సరాన్ని కొట్టాలి. ఇంగ్లండులో 1985 ప్రాంతాన ‘లెన్స్‌లాక్’ అని ఒక ప్లాస్టిక్ అద్దం వచ్చింది. చెదిరిపోయినట్లు కనిపించే అక్షరాలను ఆ అద్దంలోనుంచి చూసి చదవాలి. ‘ఎలైట్’ అనే ప్రసిద్ధమైన ఆట పెట్టెలు కొన్నిటిలో వేరే ఆట తాలూకు అద్దం పెట్టి అమ్మారట! కొన్నవాడు ఒంటికన్ను మూసుకొని ఎంతసేపు చూసినా ఏం లాభం?

సీడీలు వచ్చాక తాళం మరింత లోతుకు పోయింది. ‘సేఫ్‌డిస్క్’ వంటి పద్ధతులలో డిస్కుమీద కావాలనే కొన్ని తప్పులు వేస్తారు. మామూలు యంత్రంతో ఇంట్లో నకలు తీస్తే ఆ తప్పులు సరిగా నకలు కావు. ఆట మొదలయ్యేముందు ఒక చిన్న ప్రోగ్రాము కాపలావాడిలాగా ముందుకు వచ్చి, ఆ తప్పులున్నాయా లేవా అని వెతుకుతుంది. ఉంటే అసలు, లేకపోతే నకలు. ప్రూఫులు దిద్దేవాడిగా నాకీ పద్ధతి వింతగా తోచింది. మేము తప్పులు లేని ప్రతిని మంచిదనేవాళ్ళం. ఇక్కడ తప్పులున్న ప్రతే అసలుది!

ఆ తరువాత ఇంటర్నెట్టు వచ్చింది. ఇక డిస్కు సాక్ష్యం చాలదన్నారు. కంపెనీవారి కంప్యూటరు ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని, “సరే, ఆడుకో” అంటేనే ఆట.

వారి కష్టమూ నిజమే

ఆటలు చేసేవారి పక్షాన చెప్పవలసిన మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆట అంటే ఒక్కడు సాయంత్రంపూట సరదాగా చేసే పనికాదు. బొమ్మలు వేసేవారు, సంగీతం కూర్చేవారు, లెక్కలు కట్టేవారు కలిసి ఏళ్ళతరబడి శ్రమిస్తారు. 2013లో ఆస్ట్రేలియాలో అన్నదమ్ములిద్దరు ‘గేమ్ డెవ్ టైకూన్’ అనే చిన్న ఆట చేశారు. ఆటల కంపెనీ నడపడమే అందులో ఆట. ఎలాగూ దొంగిలిస్తారని, వారే ఒక దొంగప్రతిని తయారుచేసి ఇంటర్నెట్టులో వదిలారు. మొదటిరోజు ఆడినవారిలో నూటికి తొంభైమందికి పైగా ఆ ప్రతి తీసుకొన్నవారే! అందులో తమాషా ఏమంటే, ఆట కొంతదూరం పోయేసరికి, “మీ ఆటలను జనం దొంగిలిస్తున్నారు” అని చెప్పి ఆడేవాడి కంపెనీ దివాలా తీస్తుంది. దొంగప్రతి ఆడుతున్న పెద్దమనుషులే, “ఈ దొంగతనాన్ని ఆపే మార్గమేమిటి?” అని వాపోయారు.

1998లో జర్మనీనుంచి వచ్చిన ‘సెట్లర్స్ 3’ ఆటలోనూ ఇటువంటి చమత్కారమే చేశారు. దొంగప్రతిలో ఇనుము కరిగించే కొలిమిలోనుంచి ఇనుముకు బదులు పందులు వస్తాయి! ఇనుము లేనిదే కత్తులు లేవు. కత్తులు లేనిదే యుద్ధం లేదు. ఇటువంటి శిక్ష చూస్తే నవ్వు వస్తుంది, న్యాయంగానూ ఉంటుంది. దొంగకే తగులుతుంది కనుక.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు

కాని అన్ని తాళాలూ అటువంటివి కావు. 2008 సెప్టెంబరులో ‘స్పోర్’ అనే ఆట వచ్చింది. విల్ రైట్ అనే పేరుమోసిన ఆటల రూపకర్త చేసినది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద కంపెనీ అమ్మినది. కొన్నవాడు దాన్ని మూడు కంప్యూటర్లలోనే ఎక్కించుకోవచ్చునని షరతు పెట్టారు. కంప్యూటరు పాడై కొత్తది కొన్నా, లోపలి భాగాలు మార్చినా ఒక లెక్క తగ్గిపోవచ్చు. జనానికి ఒళ్ళు మండింది. అమెజాన్ దుకాణంలో కొద్దిరోజులలోనే రెండువేలకు పైగా ఒక్క నక్షత్రం విమర్శలు పడ్డాయి. తరువాత కంపెనీ మూడును ఐదు చేసింది. ఇంత కట్టుదిట్టం చేసినా, ఆట అంగడికి రాకముందే తాళం తీసిన ప్రతి ఇంటర్నెట్టులో తిరిగింది. అంటే మూడు కంప్యూటర్ల లెక్క డబ్బిచ్చినవాడికే. దొంగకు ఎన్నయినా సరే!

2010లో యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీ ‘అస్సాసిన్స్ క్రీడ్ 2’ ఆటకు మరొక నియమం పెట్టింది. ఆడుతున్నంతసేపూ ఇంటర్నెట్టు ఉండాలి. తీగ తెగితే ఆట ఉన్నచోటనే ఆగిపోతుంది. మన బెజవాడ వేసవి ఎరిగినవారికి దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. కరెంటు పోతే ఇన్వర్టరుమీద కంప్యూటరు నడుస్తుంది. ఇంటర్నెట్టు మాత్రం వీధి చివరనే చచ్చి ఊరుకొంటుంది. కాని ఆ మార్చిలో కరెంటు పుష్కలంగా ఉన్న దేశాలవారికీ అదే గతి పట్టింది. కంపెనీ కంప్యూటర్లమీద ఎవరో దాడి చేయడంతో, న్యాయంగా కొన్నవారు ఆటలోకి పోలేక కూర్చున్నారు. 2013 మార్చిలో ‘సిమ్‌సిటీ’ విడుదలయినప్పుడు ఏ దాడీ అవసరం లేకపోయింది. కొన్నవారి రద్దీకే కంపెనీ యంత్రాలు చతికిలబడ్డాయి. ఇంటర్నెట్టు లేకుండా ఆడుకొనే వీలు మరో ఏడాదికిగాని, 2014 మార్చిలోగాని కలిగించలేదు.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టుకోవడమంటే ఇదే. పైగా ఇక్కడ నిప్పుపెట్టేది కొన్నవాడి ఇంటికి!

కాపలావాడు చచ్చిపోతే

తిరిగి మా సంక్రాంతికి వద్దాం. ఎనిమిదేళ్ళ మనవరాలికి తన చిన్ననాటి ఆట చూపించాలని మా వాడికి సరదా పుట్టింది. ఇప్పటి కంప్యూటర్లకు సీడీ పెట్టే అరే లేదు. బజారుకు పోయి, విడిగా తగిలించే పెట్టె ఒకటి కొనుక్కువచ్చాడు. డిస్కు గిర్రున తిరిగింది. పాప చప్పట్లు కొట్టింది. ఆట తెరుచుకోలేదు. మరమ్మతుచేసే కుర్రవాణ్ణి పిలిచాం.

“బాబాయ్‌గారూ, డిస్కులో సరుకంతా బాగానే ఉందండీ. కాని దీనికి కాపలాకాసే ప్రోగ్రామును కొత్త కంప్యూటర్లు లోపలికి రానివ్వడంలేదు. కాపలావాడు వచ్చి ‘ఊఁ’ అంటేగాని తలుపు తీయకూడదని ఆటకు చెప్పిపెట్టారు. వాడు రాడు, ఇది తీయదు” అన్నాడు.

విచారిస్తే ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదని తెలిసింది. ఈ కాపలా ప్రోగ్రాములు కంప్యూటరు లోతుల్లో పాతుకుపోయి పనిచేసేవి. దుర్మార్గులు దూరడానికి అవే కంతలవుతాయని భయం పట్టుకొన్నది. 2015లో వచ్చిన విండోస్ 10, సేఫ్‌డిస్క్‌నూ, ఆ రకానివే అయిన పాత సెక్యూరోమ్ తాళాలనూ ఆదరించలేదు. ఆ సెప్టెంబరులోనే పాత విండోసులలోకూడా సేఫ్‌డిస్క్ కాపలావాణ్ణి పని మాన్పించారు. ఆ ఒక్క దెబ్బతో లోకంలో ఎన్నెన్ని ఇళ్ళలో బీరువాలలోని డిస్కులు మూగవోయాయో! దొంగప్రతులకు మాత్రం ఏ బాధా లేదు. వాటిలో కాపలావాణ్ణి ఏనాడో తీసేశారు.

ఎప్పుడూ ఇంటర్నెట్టు ఉండి తీరవలసిన ఆటల సంగతి మరీ విచిత్రం. యూబీసాఫ్ట్ వారిదే ‘ది క్రూ’ అనే కారు పందేల ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న కంపెనీ తన యంత్రాలను ఆపివేసింది. ఆ రాత్రితో, ఒంటరిగా ఆడుకొనేవాడికికూడా ఆట లేకుండా పోయింది. దానిమీద రాస్ స్కాట్ అనే అమెరికన్, “ఆటలను చంపడం ఆపండి” అని ఉద్యమం లేవదీశాడు. ఐరోపా సమాజానికి పెట్టుకొన్న ప్రజావిజ్ఞప్తిపై 2025 జూలై నాటికి పదిలక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. వారు ఆటలను ఎల్లకాలం నడపమని అడగడంలేదు. పోయేముందు, కొన్నవారు తమ ఇంట్లో తాము ఆడుకొనే ఏర్పాటు చేసిపొమ్మంటున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1నుంచి ఒక చట్టం అమలులో పెట్టింది. ఎప్పుడైనా వెనక్కు తీసుకోగల సరుకును అమ్మేటప్పుడు, “మీరు కొంటున్నది వాడుకొనే అనుమతి మాత్రమే” అని స్పష్టంగా చెప్పాలి. ఊరికే ‘కొనండి’ అని మభ్యపెట్టకూడదు.

మన అచ్చాఫీసులలోనూ అంతే

“ఆటలే కదా, పోతే పోనీ” అనే పెద్దలున్నారు. వారికి మా అచ్చాఫీసు కథ చెప్పాలి. తెలుగు అక్షరాలు కూర్చే ప్రోగ్రాములకు ఒక చిన్న బిళ్ళవంటి తాళం ఇచ్చేవారు. మొదట్లో ప్రింటరు తగిలించేచోట, తరువాత యూఎస్‌బీ కంతలో అది పెట్టి ఉంచితేనే అక్షరాలు పలుకుతాయి. పెళ్ళిళ్ళ కాలంలో శుభలేఖల పని ముమ్మరంగా ఉండగా ఒకనాడు ఆ బిళ్ళ చెడిపోయింది. కంప్యూటరు ఉన్నది, కూర్చేవాడు ఉన్నాడు, బిల్లుకూడా ఉన్నది. తెలుగు మాత్రం లేదు! యజమాని తలపట్టుకొని కూర్చున్నాడు. ముహూర్తాలు ఆగుతాయా? పొరుగు ఆఫీసుకు పరుగెత్తి పని గట్టెక్కించాం. ఆ పొరుగువారి ప్రోగ్రాముకు తాళం ఎందుకు లేదో మేమూ అడగలేదు, వారూ చెప్పలేదు.

చట్టం ఏమంటున్నది?

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 1958 జనవరి 21నుంచి అమలులోకి వచ్చింది. కంప్యూటరు ప్రోగ్రాములను 1984 సవరణలో అందులోకి చేర్చారు. దొంగప్రతి అని తెలిసి కంప్యూటరులో వాడడమూ నేరమే. జైలుశిక్ష, జరిమానా ఉన్నవి. అయితే న్యాయంగా కొన్నవాడికీ చట్టం ఒక సౌకర్యం ఇచ్చింది. పోతుందేమో, పాడవుతుందేమో అనే భయానికి రక్షణగా ప్రోగ్రాముకు ఒక నకలు తీసుకొని దాచుకోవచ్చు. చట్టం తీసుకోమంటుంది, తాళం తీయనివ్వదు!

2012 సవరణలో 65ఏ అనే సెక్షను వచ్చింది. హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో ఇటువంటి తాళాన్ని తప్పించినవాడికి రెండేళ్ళదాకా జైలు, జరిమానా. ‘ఉద్దేశంతో’ అన్న మాట గమనించండి. మన చట్టకర్తలు దొంగనూ, తన ఇంటి తాళంచెవి పోగొట్టుకొన్నవాణ్ణీ ఒకే గాటకు కట్టలేదు. అది మెచ్చుకోవలసిన విషయం.

సంతకమూ, తాళమూ

మరి చేసేవారి కష్టం దక్కాలి, కొన్నవారి సొత్తు నిలవాలి అంటే దారి ఏమిటి? పోలండు దేశంలో ఒక దారి వెతికారు. అక్కడా మన బెజవాడలాగే వీధి బజారులలో దొంగప్రతులు రాజ్యమేలేవి. 1999లో సీడీ ప్రొజెక్ట్ అనే కంపెనీ ‘బాల్డూర్స్ గేట్’ అనే ఆటను పోలిష్ భాషలోకి తెచ్చింది. పేరున్న నటులచేత మాటలు చెప్పించింది. పెట్టెలో పటమూ, పుస్తకమూ పెట్టి అందుబాటు ధరకు అమ్మింది. జనం ఎగబడి కొన్నారు. ఆ కంపెనీయే 2008లో గాగ్ అనే ఇంటర్నెట్టు దుకాణం తెరిచి, పాత ఆటలను తాళం లేకుండా అమ్మడం మొదలుపెట్టింది. కొన్న ఆటను దాచుకోవచ్చు, ఇంటర్నెట్టు లేకుండా ఆడుకోవచ్చు. తాళం లేకపోతే వ్యాపారం మునుగుతుందన్న వారికి ఆ దుకాణమే జవాబు.

మన పాత తెలుగు పుస్తకాలు తెరిచిచూడండి. “గ్రంథకర్త సంతకము లేని ప్రతి చౌర్యప్రతిగా భావింపబడును” అన్న అర్థం వచ్చేట్లు కొందరు లోపలి పేజీలో అచ్చువేసి, కింద సంతకం పెట్టేవారు. దొంగను పట్టడానికి అదీ ఒక ఉపాయమే. కాని ఆ సంతకం పుస్తకం చదవడానికి అడ్డురాలేదు. గ్రంథకర్త స్వర్గస్థుడైనా, ప్రచురణకర్త దుకాణం ఎత్తేసినా, పుస్తకం మనవలదాకా తెరుచుకొంటూనే ఉన్నది.

అందుచేత పిల్లలకు ఆట కొనే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇంతే. ధర అడిగే ముందు మరో మూడు ప్రశ్నలు అడగండి. ఇంటర్నెట్టు లేకుండా ఆడుతుందా? ఎన్ని కంప్యూటర్లలో ఎక్కించుకోవచ్చు? కంపెనీ మూతపడితే మిగిలేదేమిటి? నలుగురూ అడిగితేగాని అమ్మేవాడికి చెవినపడదు.

మా వాడు పెట్టె మూయబోతూ ఆగి, “నాన్నా, దీని తాళం తీసే ఫైలు ఇంటర్నెట్టులో ఎక్కడో దొరుకుతుంది. పెట్టేదా?” అన్నాడు. ఇరవై ఏళ్ళ నాటి చూపే అది. ఈసారి నేను తల తిప్పుకోలేదు. “కొన్నది మనమేరా. ఇది దొంగతనమని మాత్రం నేననను. కాని ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఇచ్చిన మారుతాళం ఇంట్లోకి తెచ్చుకోవడానికి భయంగా ఉన్నది” అన్నాను.

పాప మా ఇద్దరి ముఖాలూ చూసి, “తాతయ్యా, డబ్బులిచ్చాం కదా, మరి ఇది మనది కాదా?” అన్నది.

ఏడువందల రూపాయల బిల్లు ఇంకా పెట్టెలోనే ఉన్నది. సిరా వెలిసిపోయింది గాని అంకె కనబడుతున్నది. నేను పాపకు జవాబు చెప్పలేదు. వైకుంఠపాళి పటం తీసి నేలమీద పరిచాను. ముగ్గురం చీకటిపడేదాకా ఆడుకొన్నాం. ఆ పటం మా నాన్నగారు కొన్నది.